రంగు క్రింది పని

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున జరిగిన తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగము)



"విద్యయు, వృత్తియు" అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరిరి. అంత పెద్ద విషయమును సిద్ధాంతరూపమున చర్చించుటకు మాకు శక్తి చాలదు. అందుచే ఈ సంవత్సరము మన పాఠశాల ఆవరణములో జరిగిన ఒక చిన్న పనిని గూర్చి చెప్పి, దాని వలన మేము నేర్చుకొన్నదానిని మీకు నివేదించుకొందుము. ఆ పని ఏదనగా, ఒక పాత కారు తలుపునకు రంగు వేయుట. ఇంత సామాన్యమైన విషయమును సభలో చెప్పుచున్నందుకు మన్నించి, చివరవరకు వినవలసినదిగా ప్రార్థన.

ఆ కారు మాదే. తెల్లని మారుతి బండి. గత ఆగస్టు మాసమున ఒకనాటి ఉదయము మేము దానిని వెనుకకు నడుపుచు పాఠశాల గేటు స్తంభమునకు ఒరసితిమి. ఎడమవైపు తలుపు మీద జానెడు వెడల్పున రంగు లేచిపోయి ఇనుపరేకు బయటపడినది. దాని నడుమ ఒక సొట్టయు పడినది. తప్పు స్తంభముది కాదు, మాదే. మరమ్మతునకు విచారింపగా, తలుపు మొత్తము రంగు వేయవలెననియు, కొన్ని వేల రూపాయలగుననియు తెలిసినది. ఇంత చిన్న గాయమునకు అంత వ్యయమేలయని తలచి, బజారులో దొరకు తెల్లరంగు స్ప్రే డబ్బాలు రెండు కొని తెచ్చితిమి.

ఒక శనివారము సాయంకాలము తలుపును తడిగుడ్డతో తుడిచి, చుట్టును పాత వార్తాపత్రికలు అంటించి, డబ్బా మూత తీసి రంగు చల్లితిమి. పని ముగియుటకు పది నిమిషములు పట్టలేదు. ఆ రాత్రి మాకు కలిగిన గర్వమును దాచుకొనము. వేల రూపాయల పనిని కొన్ని వందలతో ముగించితిమి గదాయని ఇంటిల్లిపాదికిని చెప్పుకొంటిమి.

మరునాటి ఉదయము వెలుతురులో చూడగా రంగు క్రిందికి కారి చారలు కట్టినది. పాత మద్రాసు రోడ్డు దుమ్ము దానిపై వాలి అంటుకొని చేతికి ఇసుక కాగితమువలె తగిలినది. సొట్ట పోకపోవుట అటుంచి, కొత్తరంగు మెరుపువలన మునుపటికన్న స్పష్టముగా కనబడెను. మూడు వారములు వానలు కురిసినవి. అప్పుడు అంచుల వద్ద రంగు పొరలు లేచినవి. నడుమ చిన్న చిన్న పొక్కులు వచ్చినవి. ఒక పొక్కును గోటితో గీకి చూడగా క్రింద ఎర్రని తుప్పు కనబడినది.

ఒకనాడు విరామసమయమున ఆ కారు చుట్టును పిల్లలు మూగి ఉండిరి. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు వంగి ఆ తలుపును చూచి, "కింద తుప్పు తియ్యలేదు సార్. ప్రైమరు కూడా లేదు. మొత్తం లేచిపోతాది" అనెను. "నీకెట్లు తెలియును?" అని మేము అడిగితిమి. ఆ బాలుడు సమాధానము చెప్పక తలవంచుకొని వెడలిపోయెను. ప్రక్కనున్న మరియొక పిల్లవాడు నవ్వుచు, "వాళ్ళ నాన్న కార్లకు రంగులు కొడతాడు సార్" అని చెప్పెను.

ఆ సాయంకాలము మేము ప్రవేశపు రిజిస్టరును తీసి చూచితిమి. తండ్రి వృత్తి అనుచోట "ప్రైవేటు ఉద్యోగి" అని వ్రాయబడి ఉన్నది. ఆ యక్షరములు ఆ బాలునివే. ఈ సంగతిని తండ్రీకొడుకుల అనుమతితోనే ఇచట చెప్పుచున్నాము. పేర్లు మాత్రము చెప్పము.

మేము ఆ తండ్రికి కబురంపితిమి. కొడుకు మీద ఫిర్యాదేమోయని ఆయన భయపడుచు వచ్చిరి. ఆయనది కుప్పము ప్రాంతము. పదునాఱవయేట రైలెక్కి కృష్ణరాజపురము స్టేషనులో దిగి, ఒక మేస్త్రీ వద్ద పని నేర్చుకొని, నేటికి ఇరువదియైదు సంవత్సరములుగా ఈ ప్రాంతమునందే కార్లకు రంగులు వేయుచున్నారు. సంగతి విని ఆయన తేలికపడి, తలుపు వద్దకు వచ్చి, ముందు దానిని చూడలేదు. జేబులోనుండి మెత్తని గుడ్డను తీసి తలుపుపై పరచి, దానిపై అరచేతిని మెల్లగా జరిపిరి. "అయ్యవారూ, కంటికంటే చెయ్యి బాగా చూస్తాది" అనిరి. పిదప, మా ముఖమును చూచి కాబోలు, "మీ తప్పేమీ లేదయ్యవారూ. అందరూ రంగుతోనే మొదలుపెడతారు. రంగు కొట్టేది అయిదు నిమిషాల పని. దానికి ముందర మూడు దినాల పని ఉండాది" అనిరి.

సంక్రాంతి సెలవులలో వచ్చి ఆ పనిని పిల్లలకు చూపెదనని ఆయన మాట ఇచ్చిరి. వానకాలమున గాలిలో తేమ యుండుటచే ఆరునపుడు రంగు పాలిపోవుననియు, జనవరిలో గాలి పొడిగా నుండుననియు చెప్పిరి. అయినను ఆ మాసమున బెంగుళూరున ఉదయపు మంచు ఎక్కువ గనుక, పది గంటలైన తరువాత రేకు వెచ్చబడినపుడే డబ్బా పట్టవలెననిరి. రేకు కాలిపోవునట్లు ఎండ తగులుచున్నను పనికిరాదు. రంగు రేకుపై పరచుకొనకమునుపే ఆరి గరుకుగా నిలిచిపోవును.

ఇక ఆ మూడు దినముల పనిని వినుడు.

మొదటి దినమున మేము వేసిన రంగును తీసివేయుటయే పని. సబ్బునీటితో కడిగి, మైనమును, జిడ్డును పోగొట్టు ద్రావకముతో తుడిచి, ఉప్పుకాగితముతో రుద్దిరి. ఉప్పుకాగితము వెనుక 80, 180, 320, 600 అని అంకెలు ఉండును. అంకె పెరిగినకొలది గరుకు తగ్గును. మొదట 80తో తుప్పును పూర్తిగా తీసి తెల్లని రేకు కనబడువరకు రుద్దిరి. పిదప 180తోను, 320తోను అంచులను వాలుగా అరగదీసిరి. చెడని పాతరంగునకును బయటపడిన రేకునకును నడుమ చేతికి మెట్టు తగులరాదు. ఆ మెట్టును అట్లే ఉంచినచో పైన ఎన్ని పూతలు వేసినను అది కనబడుచునే యుండును. పిల్లలు కన్నులు మూసుకొని వ్రేళ్లతో తడవి మెట్టు ఎచటనున్నదో చెప్పవలెనని ఆయన ఒక ఆట పెట్టిరి. తరగతిలో వెనుకబెంచీలో కూర్చుండు ఒక బాలిక ఆ పరీక్షలో అందరికన్న ముందు నిలిచినది.

అట్లు అరగదీసిన చోట కారు రంగులోని పొరలన్నియు చెట్టుమ్రాను కోసినచోట వలయములు కనబడినట్లు వరుసగా కనబడినవి. కర్మాగారములో రేకును మొదట రసాయనపు స్నానము చేయించి, విద్యుత్తు సాయమున తుప్పు పట్టనీయని పూతను పట్టింతురు. దానిపై ప్రైమరు, దానిపై రంగు, పెక్కు కార్లకు ఆపైన గాజువంటి పారదర్శకమైన పూత ఉండును. ఇన్నియు కలిసి మందము మిల్లీమీటరులో పదియవ వంతునకు కొంచెము అటునిటు మాత్రమే. అనగా తల వెండ్రుక మందమంత. అందులో మనము చూచి "తెల్లకారు, ఎర్రకారు" అని పిలుచు రంగు పొర చిన్న పాలు మాత్రమే. తక్కినదంతయు కంటికి కనబడని పని.

రెండవ దినమున సొట్టను పూడ్చిరి. వెనుకనుండి తట్టి ఎత్తగలిగినంత ఎత్తి, మిగిలిన పల్లమునకు లప్పము పెట్టిరి. ఈ లప్పము గోడలకు పెట్టునది కాదు. ఇందు గట్టిపరచు మందును బహుస్వల్పముగా, నూటికి రెండు పాళ్ల చొప్పున, కలుపవలెను. తక్కువైనచో గట్టిపడదు. ఎక్కువైనచో పైరంగుపై మరక తేలును. కలిపిన కొద్ది నిమిషములలోనే గట్టిపడ నారంభించును గనుక కొంచెము కొంచెముగా కలుపుకొనవలెను. ఆరిన పిదప కర్రదిమ్మకు ఉప్పుకాగితము చుట్టి రుద్దవలెను. వట్టి వ్రేళ్లతో రుద్దినచో వ్రేళ్ల గుంటలు పడును.

ఇది చూచుచుండగా మాకు మన కొండపల్లి బొమ్మలు స్ఫురించినవి. అచటి పనివారు తెల్లపొణికి కర్రను చెక్కి, అంగములను అతికి, చింతగింజల పిండియు రంపపుపొట్టును కలిపిన మక్కుతో సందులు పూడ్చి నునుపు చేయుదురు. దానిపై తెల్లని సుద్దపూత వేయుదురు. రంగులు వేయుట ఆ తరువాతి మాట. ఈ సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టిన ఇండ్లలో ఏనుగు అంబారిని పిల్లలు ముచ్చటగా చూచియే యుందురు. ఆ మెరుపు క్రింద మక్కు ఉన్నదని ఎందరికి తెలియును? మేము ఈ మాట చెప్పగా ఆయన, "అయితే మాదీ బొమ్మల పనేనా అయ్యవారూ!" అని నవ్విరి.

మూడవ దినమున ప్రైమరు వేసిరి. వట్టి రేకునకు రంగు సరిగా అంటదు. ప్రైమరు రేకును పట్టుకొనును, రంగు ప్రైమరును పట్టుకొనును. మేము ఆగస్టులో చేసిన మహాపరాధము ఈ మధ్యవర్తిని విడుచుటయే. బూడిదవన్నె ప్రైమరు రెండు పూతలు వేసి ఆరనిచ్చి, దానిపై నల్లరంగును దూరమునుండి మంచుతుంపరవలె పలుచగా చల్లిరి. మాకు ఆశ్చర్యమైనది. పిదప 600 కాగితమును నీటిలో ముంచి రుద్దగా, ఎత్తుగా నున్నచోట నలుపు పోయి, పల్లముగా నున్నచోట నిలిచిపోయెను. కంటికి కనబడని పల్లములన్నియు పటమువలె తేలినవి. ఆ చోట్ల మరల పూడ్చి, మరల ప్రైమరు వేసి, మరల రుద్దిరి. "చాలదా?" అని మేము రెండుసార్లు అడిగితిమి. "చాలదు" అని రెండుసార్లును ఆయన కుమారుడే చెప్పెను.

అప్పుడు గాని రంగు డబ్బా మూత తీయలేదు. తీయకమునుపు రెండు నిమిషములపాటు డబ్బాను ఊపించిరి. లోపల గలగలలాడు గోళీ అడుగున పేరుకొన్న రంగును కలుపును. తలుపునకు జానెడు దూరమున డబ్బాను పట్టి, చేతిని వంపు తిప్పక సమముగా జరుపుచు, తలుపు అంచునకు వెలుపలనే మీట నొక్కి, ఆవలి అంచు దాటిన పిదపనే విడువవలెను. తలుపు మీదనే నొక్కి, తలుపు మీదనే విడిచినచో ఆ రెండుచోట్ల రంగు దిట్టమై కారును. మొదటి వరుసలో సగమును రెండవ వరుస కప్పవలెను. మొదటి పూత వేసినపుడు క్రింది బూడిదవన్నె కనబడుచునే యుండవలెను. "ఒకే దెబ్బకు మూయాలనుకుంటే కారిపోతాది" అనిరి. పూతకును పూతకును నడుమ పది పదునైదు నిమిషముల వ్యవధి ఇచ్చుచు నాలుగు పూతలు వేసిరి.

ఈ డబ్బా పుట్టుకయు పిల్లలకు చెప్పదగినదే. వాయుపీడనముతో ద్రవమును చిమ్ము డబ్బాను 1920లలో నార్వే దేశీయుడగు ఎరిక్ రోథైమ్ కల్పించెను. అందు రంగును నింపి అమ్మినవాడు అమెరికాలోని ఎడ్వర్డ్ సీమూర్. అది 1949లో. ఆ ఆలోచన ఆయన భార్య బోనీ ఇచ్చినదే. అంతకుముందు పాతికేండ్ల క్రిందట, 1920లలోనే, త్వరగా ఆరు కొత్త రంగులు వచ్చి, కారునకు రంగు వేయుటకు వారములు పట్టు స్థితి మారినది. మన కన్నడసీమలోను 1937లో మైసూరు నగరమున ఒక లక్క, రంగుల కర్మాగారము వెలసినది. 1962 ఎన్నికల నాటి నుండి మన వ్రేలికి పూయు చెరుగని సిరా అచటిదే. ఆ సిరా చర్మమును పట్టుకొనును గనుక నిలుచును. రంగునకును అదియే న్యాయము.

ఏడవ తరగతి పిల్లలచేత ఒక లెక్కయు చేయించితిమి. రంగు వేసిన చోటు 40 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు. ఆరిన పిదప రంగు మందము మిల్లీమీటరులో ఏబదియవ వంతు అనుకొన్నచో, తలుపుపై నిలిచిన రంగు ఘనపరిమాణమెంత? వచ్చిన సమాధానము 2.4 ఘనసెంటీమీటర్లు, అనగా అరచెంచా రంగు! తక్కిన డబ్బా ఏమైనదని పిల్లలు అడిగిరి. కొంత ద్రావకమై ఆవిరైనది, కొంత చిమ్మువాయువై పోయినది, కొంత తలుపును తప్పి గాలిలో కలిసినది. గాలిలో కలిసినదానిని పీల్చువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము మీరందరును శ్రద్ధగా వినవలెను.

మన కుప్పము పెద్దమనిషి మాట్లాడుచు నడుమనడుమ దగ్గుచుండిరి. తాను పని నేర్చుకొను రోజులలో ముక్కునకు చేతిరుమాలు కట్టుకొనుటయే రక్షణ అని చెప్పిరి. రంగు వేయుచోట ప్రమాదములు మూడు గలవు. మొదటిది ధూళి. పాతకాలపు రంగులలో సీసము ఉండెడిది. అట్టివాటిని పొడిగా రుద్దినచో ఆ ధూళి పిల్లల రక్తములో చేరి బుద్ధివికాసమును చెరచును. సీసపు విషమును గూర్చి 1999లో మన బెంగుళూరుననే అంతర్జాతీయ సమావేశము జరిగినది. సెయింట్ జాన్స్ వైద్య కళాశాల ఆచార్యులు డాక్టరు తుప్పిల్ వెంకటేశ్ గారు ఈ విషయమున దేశమంతటికిని హెచ్చరిక చేసినవారు. పిదప 2000లో పెట్రోలునుండి సీసము తొలగినది. ఇండ్ల రంగులలో పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించి సీసము ఉండరాదను నియమము 2017 నవంబరునుండి అమలులోనికి వచ్చినది. ఆ నియమము ఇండ్ల రంగులకు, అలంకరణ రంగులకు చెందినది. కావున పాత బండిని రుద్దునపుడు నీటితో తడిపి రుద్దుట, ఆ నీటిని పిల్లలాడు చోట పారబోయకుండుట క్షేమము.

రెండవది ఆవిరి. డబ్బాపై గట్టిపరచు మందు కలిసిన రెండు భాగముల రంగు అని ఉన్నచో, దానిని ఇంట వాడవలదు. అందలి ఐసోసయనేటు అను పదార్థము ఊపిరితిత్తులకు చేరి ఉబ్బసము కలిగింపగలదు. ఒకసారి సరిపడకపోయిన పిదప అత్యల్పమైన మోతాదునకు కూడ ఊపిరాడక పోవచ్చును. 1984లో భోపాలున వెలువడిన విషవాయువు ఇదే కాకున్నను ఆ కుటుంబములోనిదే. గుడ్డముసుగు దీనికి అడ్డు కాదు. బయటి గాలిని గొట్టము ద్వారా అందించు ముసుగు ఉన్న కార్ఖానాలోనే ఆ పని జరుగవలెను. సామాన్యమైన ఒక భాగపు రంగును వాడునపుడు సైతము ఆవిరిని పీల్చుకొను బొగ్గుపొర గల ముసుగు, కండ్లద్దములు, చేతితొడుగులు ఉండవలెను. బయలు ప్రదేశమున, పిల్లలకు దూరముగా పని చేయవలెను. మన పిల్లలు రుద్దుటలో పాల్గొనిరి. రంగు చల్లునపుడు వారిని అందరిని ఆవలి వరండాలో నిలిపితిమి.

మూడవది నిప్పు. వాయుమండలపు ఓజోను పొరను చెరచు పాత చిమ్మువాయువులు 1987 మాంట్రియలు ఒప్పందము తరువాత క్రమముగా తొలగినవి. వాటి స్థానమున నేడు మన వంటగ్యాసువంటి మండు వాయువులను నింపుచున్నారు. కావున పొయ్యి గాని, బీడీ గాని, అగరువత్తి గాని, దేవుని దీపము గాని దగ్గర ఉండరాదు. ఎండలో నిలిపిన కారులో ఈ డబ్బాలను విడిచిపోరాదు.

మీలో కొందరు ఇంట ఈ పని చేయగోరుదురేమో. అరచేయంత గీతకు, చిన్న గాయమునకు, లోహపు మెరుపు లేని రంగునకు ఇంటి పని చాలును. కొనకముందు బండి మీద గల రంగు సంకేతమును చూచుకొనుడు. అది సాధారణముగా తలుపు చట్రము వద్దనో, బానెటు క్రిందనో ఒక రేకుపై ఉండును. తెలుపులు అనేకములు. ప్లాస్టికు బంపరునకు రంగు అంటుటకు వేరు ప్రైమరు కావలెను. పెద్ద సొట్టకు, తలుపు అంతటికి, మెరుపు రంగులకు పనివారినే ఆశ్రయింపుడు. బండి రంగును పూర్తిగా మార్చదలచినచో రిజిస్ట్రేషను పత్రములో రంగు వ్రాసియుండును గనుక ముందుగా రవాణా అధికారుల అనుమతి పొందవలెను.

మా తలుపు సంగతి ఏమైనదందురా? పూత గట్టిపడుటకు కొన్ని దినములు విడిచి, 1500, 2000 కాగితములతో తడిపి రుద్ది, మెరుగు పెట్టిరి. ఉదయమున చూచినచో గాయమెచటనో తెలియదు. సాయంకాలపు ఏటవాలు వెలుతురులో చూచినచో క్రొత్త తెలుపు పాత తెలుపుకన్న ఒక్క వీసము తేటగా నుండుట తెలియును. "పన్నెండేండ్ల ఎండ తిన్న తెలుపు డబ్బాలో దొరకదు అయ్యవారూ" అని ఆయనయే దానిని మాకు చూపిరి. తాను చేసిన పనిలోని లోపమును తానే చూపిన ఆ నిజాయితీని పిల్లలు చూచిరి. మేము చూలి ఇవ్వబోగా ఆయన ఉప్పుకాగితముల ఖరీదు మాత్రము పుచ్చుకొనిరి. మూడు దినముల కూలి విడుచుకొనుట ఆయనకు చిన్న విషయము కాదు. అందుచే మన సంఘము ఆయనకు ఆవిరిని అడ్డు మంచి ముసుగు నొకదానిని కొని ఇచ్చినది. కొడుకు దానిని తండ్రి ముఖమునకు తొడిగి పట్టీలు బిగించెను.

తల్లిదండ్రులారా, ఇప్పుడు అసలు మాటకు వత్తుము. 1948లో దూరవాణినగరమున టెలిఫోను కర్మాగారము వెలసిన నాటి నుండి నేటి వైటుఫీల్డు కంప్యూటరు కార్యాలయముల వరకు ఈ కృష్ణరాజపురమునకు పని వెదకుకొనుచు వచ్చిన తెలుగువారు ఎందరో గలరు. మనలో ఇంజనీర్లు కలరు, ఇటుకపని వారు కలరు, రైల్వే వారు కలరు, పూలమ్మువారు కలరు. రాజ్యాంగములోని 30వ అధికరణము మనకు పాఠశాల నెలకొల్పుకొను హక్కునిచ్చినది. 1956లో చేర్చిన 350-ఏ అధికరణము ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పు వసతిని గూర్చి ప్రభుత్వములకు బాధ్యత నప్పగించినది. కాని పాఠశాలకు వచ్చిన బిడ్డ తన తండ్రి పనిని చెప్పుకొనుటకు సిగ్గుపడినచో, ఆ భాషలో మనము నేర్పునది ఏమి? సొట్ట, లప్పము, పూత, మెరుగు, మక్కు అను మాటలను ఆ మూడు దినములలో పిల్లలు ఒక నోటుబుక్కులో వ్రాసికొనిరి. వాటి ప్రక్కనే కన్నడపు మాటలను వ్రాసిరి. ఆ మాటలలో పెక్కు వారి వాచకములలో లేనివి. వాటిని మనకు చదువు చెప్పినవారు కాక, చేతులతో పని చేసినవారు కాపాడిరి.

బాలుడు "ప్రైవేటు ఉద్యోగి" అని వ్రాయుట వాని తప్పని మేము తలచలేదు. పాఠశాలలో ఆ పనిని గౌరవముగా పలికిన వారిని వాడు అంతకుముందు చూచి యుండలేదు. ఆ తప్పు మాది. సెలవుల తరువాత ఒకనాడు వాడు గుమాస్తాగారి బల్ల వద్ద నిలిచి, రిజిస్టరులో ఒక మాట దిద్దవలెనని అడిగెను. దిద్దుటకు తండ్రి సంతకము కావలెనని గుమాస్తాగారనిరి. మరునాడు తండ్రి పనిబట్టలతోనే వచ్చి సంతకము చేసిరి. ఇప్పుడచట "కార్లకు రంగులు వేయు మేస్త్రీ" అని ఉన్నది.

కావున మీకు మా విన్నపములు రెండు. వచ్చే సంవత్సరపు ప్రవేశపత్రములలో మీ పనిని దాని పేరుతోనే వ్రాయుడు. దర్జీ యైనచో దర్జీ అని, వంటవారైనచో వంటవారని, డ్రైవరైనచో డ్రైవరని వ్రాయుడు. రెండవది, ఏడాదిలో ఒక్క ఆదివారము మన పాఠశాలకు వచ్చి, మీ చేతిపనిని మన పిల్లలకు చూపుడు. సామగ్రి ఖర్చును సంఘము భరించును. పేర్లు వ్రాసికొనుటకు కార్యదర్శిగారి వద్ద ఒక పుస్తకము ఉంచబడినది. మొదటి పేరు ఇదివరకే వ్రాయబడి యున్నది.

సభ ముగిసిన పిదప గేటు వద్ద తెల్లకారును చూడదలచినవారు చూడవచ్చును. ఎడమవైపు తలుపు. కంటితో చూచుట చాలదు, చేతితోను తడవి చూడుడు.